కార్నెగీ క్లాసులో అందరూ మాట్లాడేవాళ్ళు

నల్గొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ గ్రూప్స్‌కి చదువుతున్న పిల్లల్ని కార్నెగీ ఎవరని అడిగి చూడండి. ఉక్కు ఫ్యాక్టరీలు పెట్టి కోటీశ్వరుడైన అమెరికావాడని ఒకరంటారు. గట్టిగా అనుకుంటే డబ్బు అదే వస్తుందని చెప్పినాయన అని ఇంకొకరంటారు. నలుగురితో ఎలా మెలగాలో పుస్తకం రాసినాయన కదా అని మరొకరు. ఇవి ముగ్గురు మనుషుల సంగతులు. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ. అనుకుంటే ధనం వస్తుందన్నది నెపోలియన్ హిల్. పుస్తకం రాసింది డేల్ కార్నెగీ.

ఈ చిక్కుముడి మనవాళ్ళు వేసింది కాదు, అమెరికాలోనే పడింది. డేల్ ఇంటిపేరుకు మొదట వేరే స్పెల్లింగు ఉండేది. పలకడానికి దగ్గరగానే ఉండేది గానీ ఉక్కు వ్యాపారి పేరు కాదది. పేరుప్రఖ్యాతులు వస్తున్న రోజుల్లో దాన్ని ఆండ్రూ కార్నెగీ స్పెల్లింగులోకి మార్చుకున్నాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు. ఇక హిల్ 1937లో తన పుస్తకం వేస్తూ, 1908లో ఆండ్రూ కార్నెగీయే పిలిచి విజయ రహస్యం చెప్పాడని ప్రచారం చేసుకున్నాడు. ఆ భేటీ జరిగిందనడానికి హిల్ మాట తప్ప వేరే ఆధారం లేదు. 1936లో డేల్ పుస్తకం, మరుసటి ఏడాదే హిల్ పుస్తకం, రెండింటి వెనకా ఒకే కోటీశ్వరుడి పేరు. పాత పుస్తకాల బండి మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మనకు అవి ఒకే బడి పాఠాల్లా కనిపిస్తాయి. అసలు తేడా చాలా ఉంది. హిల్ అమ్మింది ఆశ. డేల్ కార్నెగీ, కనీసం మొదట్లో, నేర్పింది ఒక పని: లేచి నిలబడి నలుగురిలో మాట్లాడడం.

ఆ పని ఆయనకెందుకు అంత ముఖ్యమైందో తెలియాలంటే ఆయన ఇంటి సంగతి తెలియాలి. పుట్టింది 1888 నవంబరు 24న, మిస్సోరి రాష్ట్రంలో మేరీవిల్ దగ్గర ఒక రైతు ఇంట్లో. మన దగ్గర వాన పడక పంట పోతే, అక్కడ పొలం పక్కనున్న ‘నూటరెండు’ అనే ఏరు పొంగి మొక్కజొన్న, పశువుల గడ్డి కొట్టుకుపోయేవి. మేపి పెంచిన పందులు కలరా తగిలి చచ్చిపోతే కాల్చేసేవాళ్ళు. తండ్రి రోజుకు పదహారు గంటలు కష్టపడినా అప్పు తీరలేదు. పొలం స్వాధీనం చేసుకుంటామని బ్యాంకు బెదిరించింది. ఒకరోజు తండ్రి మేరీవిల్ నుంచి ఇంటికి వస్తూ ఏటి వంతెన మీద బండి ఆపి, దిగి, దూకుదామా వద్దా అని నీళ్ళకేసి చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. ఈ సంగతిని కార్నెగీ 1948లో ఆందోళన గురించి వేసిన పుస్తకంలో తనే రాశాడు. దేవరకొండ వైపో కొల్లాపూర్ వైపో పుట్టిన మనిషికి ఆ పేజీ చదివాక అమెరికా మరీ అంత దూరం అనిపించదు.

వారెన్స్‌బర్గ్‌లో టీచర్ల కాలేజీ. ఊళ్ళో గది తీసుకుని ఉండడానికి రోజుకు ఒక డాలరు కూడా ఇవ్వలేని స్థితి కాబట్టి ఇంటి నుంచి రోజూ గుర్రం మీద వచ్చిపోయేవాడు. వేసుకునే బట్టలు చూసి సిగ్గు. ఆటల్లో రాణించే శరీరం కాదు. కాలేజీలో గుర్తింపు దక్కేది ఆటగాళ్ళకు, లేదంటే వక్తృత్వ పోటీలు గెలిచినవాళ్ళకు. కనుక రెండోది పట్టుకున్నాడు. పోటీ మీద పోటీ ఓడిపోయాడు. తర్వాత గెలవడం మొదలైంది, ఆపైన మిగతా పిల్లలు తమకూ నేర్పమని ఇతని దగ్గరికే వచ్చారు.

చదువయ్యాక సేల్స్‌మన్ అయ్యాడు. ఆర్మర్ అనే మాంసం కంపెనీకి బేకన్, సబ్బు, పందికొవ్వు ఊరూరా తిరిగి అమ్మాడు. బాగానే అమ్మాడు. కాస్త డబ్బు చేతిలో పడగానే ఉద్యోగం వదిలేసి 1911లో న్యూయార్క్‌లో నటన నేర్చుకోవడానికి చేరాడు. ఒక నాటకంలో వేషం కూడా కట్టాడు, అంతకు మించి అక్కడ ఏమీ జరగలేదు. మళ్ళీ సేల్స్‌మన్, ఈసారి ట్రక్కులు. ట్రక్కు ఎలా నడుస్తుందో తనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అద్దె గదిలో గోడకు టైలు వేలాడదీసుకునేవాడు. పొద్దున్నే టై కోసం చెయ్యి చాపితే దాని వెనక నుంచి బొద్దింకలు నాలుగు వైపులా పరుగెత్తేవి. దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్ గదుల్లో ఏళ్ళ తరబడి నోటిఫికేషన్ కోసం ఎదురుచూసిన మనవాళ్ళకు ఈ గది వేరే వర్ణించనక్కర్లేదు.

1912 అక్టోబరులో న్యూయార్క్ 125వ వీధిలోని వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘంలో రాత్రిపూట ఉపన్యాస కళ నేర్పుతానని వెళ్ళాడు. రాత్రికి రెండు డాలర్లు అడిగితే వాళ్ళు కుదరదన్నారు. వచ్చిన ఫీజులో వాటా ఇస్తాం, ఇష్టమైతే చెప్పుకో అన్నారు. వచ్చినవాళ్ళు ఎవరు? గుమాస్తాలు, సేల్స్‌మన్లు, చిన్న ఉద్యోగులు. డిగ్రీ కోసం రాలేదు, మీటింగులో లేచి నోరు విప్పితే కాళ్ళు వణుకుతున్నాయని వచ్చారు. మొదటి క్లాసులోనే కార్నెగీ దగ్గర చెప్పడానికి సరుకు అయిపోయింది. ఏం చెయ్యాలో తోచక, ఒక్కొక్కరినీ లేచి తమకు కోపం తెప్పించిన సంగతి ఏదైనా చెప్పమన్నాడు. లేచారు, చెప్పారు. కోపంలో ఉన్న మనిషికి భయం గుర్తు రాలేదు.

నా లెక్కలో కార్నెగీ జీవితంలో నిజంగా కొత్తది ఈ ఒక్క ఘట్టమే. మిగతావన్నీ దీని నుంచి వచ్చినవే. అప్పటిదాకా ఉపన్యాసం నేర్పడమంటే చెయ్యి ఎలా ఊపాలి, గొంతు ఎక్కడ పెంచాలి అనే పాఠం. ఇతను దాన్ని తలకిందులు చేశాడు. ఎలా మాట్లాడాలన్నది పక్కన పెట్టు, నీకు తెలిసింది, నువ్వు పడ్డది, నిన్ను మండించింది చెప్పు అన్నాడు. సభాభయంలో మనిషి చూపంతా తన మీదే ఉంటుంది: చెయ్యి వణుకుతోందా, తప్పు పలికానా, వెనక బెంచీలో నవ్వుతున్నారా. చెప్పే విషయం బలంగా ఉంటే చూపు దాని మీదికి పోతుంది. ఇంకోటి, క్లాసులో అందరూ భయపడేవాళ్ళే కాబట్టి ఎవరూ ఎవరినీ ఎగతాళి చెయ్యరు. మూడోది, వారం వారం అదే పని మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. తప్పులు ఎత్తిచూపే ముందు బాగున్నదేదో చెప్పడం గురువు వంతు. ఇందులో మాయ ఏమీ లేదు. సైకిలు నేర్చుకున్నట్టే, పడుతూ లేస్తూ వచ్చే విద్య.

పెట్టుబడులతో కోట్లు గడించిన అమెరికావాడు వారెన్ బఫెట్ సంగతి దీనికి మంచి ఉదాహరణ. కుర్రాడిగా ఉన్నప్పుడు నలుగురిలో మాట్లాడాలంటే ఆయనకు ప్రాణం పోయినంత పనయ్యేది. ఒకసారి కార్నెగీ కోర్సుకని చెక్కు ఇచ్చి, ఇంటికెళ్ళాక భయపడి ఆ చెక్కు ఆపించేశాడు. తర్వాత ఒమాహాలో 100 డాలర్లు నగదు కట్టి చేరాడు, వెనక్కి పోయే దారి లేకుండా. యూనివర్సిటీ పట్టా కాకుండా ఈ కోర్సు సర్టిఫికెట్‌నే ఆఫీసు గోడకు తగిలించుకున్నాడు. మన స్పీకర్లు బఫెట్ పేరు ఎత్తితే షేర్లు, కోట్ల దగ్గరికే పోతారు, ఈ చెక్కు కథ దగ్గర ఆగరు.

పుస్తకం తర్వాత వచ్చింది, అదీ క్లాసులోంచే. సైమన్ అండ్ షూస్టర్ ప్రచురణ సంస్థలో పనిచేసే లియాన్ షిమ్‌కిన్ 1934లో 14 వారాల కోర్సులో చేరాడు. ఇది పుస్తకమైతే బాగుంటుందని వెంటపడ్డాడు. ఒక స్టెనోగ్రాఫర్ కార్నెగీ ఉపన్యాసాలు రాసుకుంటే వాటి మీద పనిచేసి తయారుచేసిందే ‘హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్’. 1936లో వచ్చినప్పుడు మొదట వేసింది కొద్ది వేల కాపీలే. 1955 నవంబరు 1న కార్నెగీ చనిపోయే నాటికి 31 భాషల్లో 50 లక్షల కాపీలు పోయాయి, కోర్సు పూర్తిచేసినవాళ్ళు నాలుగున్నర లక్షల మంది. తెలుగులోనూ వచ్చింది. దొంగ ముద్రణలు ఎన్ని పోయాయో లెక్క కట్టేవాళ్ళు లేరు.

అందులో ఏముందో చాలామంది చదవకుండానే చెప్పగలరు: ఎదుటివాణ్ణి తప్పుపట్టకు, మనసారా మెచ్చుకో, పేరు గుర్తుంచుకో, నువ్వు తక్కువ మాట్లాడి అవతలివాణ్ణి మాట్లాడనివ్వు, వాదనలో గెలిచినా ఓడినట్టే. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పని మాట ఇందులో ఒక్కటీ లేదు. పుస్తకం బలం సూత్రాల్లో కాదు, కథల్లో ఉంది. 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధం తర్వాత, ఓడిన శత్రుసేనను తప్పించుకోనిచ్చాడని జనరల్ మీడ్ మీద లింకన్‌కు ఒళ్ళుమండింది. ఘాటుగా ఉత్తరం రాశాడు. పంపలేదు. ఆయన చనిపోయాక కాగితాల్లో దొరికింది. ‘విమర్శించకు’ అని పది పేజీలు చెప్పినదానికన్నా ఈ పంపని ఉత్తరం ఎక్కువ పనిచేస్తుంది. రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో పాలోళ్ళకు ఇంత పొడుగు మెసేజ్ టైపు చేసి పెట్టుకున్న మనిషి ఒక్కసారి దీన్ని చదివితే బాగుండు.

విమర్శలు మొదటి రోజు నుంచే ఉన్నాయి. నోబెల్ అందుకున్న నవలాకారుడు సింక్లెయిర్ లూయిస్, నవ్వుతూ తలూపుతూ అవతలివాడి ఇష్టాల మీద ఆసక్తి ఉన్నట్టు నటించి పని రాబట్టుకోవడం నేర్పుతున్నాడని ఎద్దేవా చేశాడు. మెచ్చుకోలు నిజాయితీగా ఉండాలి, పొగడ్త వేరు అని కార్నెగీ పదేపదే రాశాడు. రాశాడు గానీ, పుస్తకం పేరులోనే మనుషుల్ని ‘ప్రభావితం’ చెయ్యడం ఉంది. లాభం కోసం మొదలుపెట్టిన నవ్వు ఎక్కడ నిజాయితీ అవుతుందో ఆయన తేల్చలేదు. లూయిస్ మాటలో సగం న్యాయం ఉందనిపిస్తుంది. అయితే క్లాసును కాకుండా పుస్తకాన్ని మాత్రమే చూసి చేసిన విమర్శ అది.

మన దగ్గరికి వచ్చింది కూడా పుస్తకమే, క్లాసు కాదు. తెలుగులో ఈ దారిని వెడల్పు చేసినవాళ్ళలో యండమూరి వీరేంద్రనాథ్‌ది పెద్ద పేరు. నవలల మీద వచ్చిన పాఠకుల్నే ‘విజయానికి ఐదు మెట్లు’తో వ్యక్తిత్వ వికాసం వైపు తిప్పారు. మెజీషియన్‌గా పేరు తెచ్చుకున్న బి.వి. పట్టాభిరాం హిప్నాటిజం, కౌన్సెలింగ్ మీదుగా ఇటు వచ్చారు. వీళ్ళ తర్వాత పుట్టుకొచ్చిన వేదిక స్పీకర్ల తరం వేరు. వాళ్ళు పేరు కార్నెగీది వాడతారు, సరుకు హిల్‌ది అమ్ముతారు.

జిల్లాలో ఏ డిగ్రీ కాలేజీలోనైనా మోటివేషన్ క్లాసు చూసినవాళ్ళకు వరస కొత్త కాదు. గ్రౌండులో షామియానా, స్పీకర్ ఫొటో ప్రిన్సిపాల్ ఫొటో కన్నా పెద్దగా ఉన్న ఫ్లెక్సీ. చెవికి తగిలించిన మైకు. ‘గుడ్ మార్నింగ్... వినపడలేదు, ఇంకా గట్టిగా!’ చప్పట్లు. ఒక జోకు. మధ్యాహ్నానికి కళ్ళు మూసుకోమంటారు. వెనక సన్నగా సంగీతం పెట్టి, మీ అమ్మ చేతులు గుర్తు తెచ్చుకోండి, మీ నాన్న చెప్పులు గుర్తు తెచ్చుకోండి అంటారు. అమ్మాయిలు వెక్కి వెక్కి ఏడుస్తారు, అబ్బాయిలు తల దించుకుంటారు. ఆ ఏడుపు అబద్ధం కాదు. నాన్న చెప్పులు నిజంగానే అరిగిపోయి ఉంటాయి. తర్వాత వందన సమర్పణ, సెల్ఫీలు. మూడు గంటల్లో ఆరొందల మంది పిల్లల్లో మైకు పట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడినవాళ్ళు నలుగురు కూడా ఉండరు. ఆ నలుగురూ ముందే మాటకారులు.

ఫంక్షన్ హాల్లో ఆదివారం పూట జరిగే గొలుసుకట్టు వ్యాపారం మీటింగులో ఇదే నడక ఉంటుంది, చివర్లో ఏడుపుకు బదులు కారు తాళాలు చూపిస్తారు. చేరడానికి కట్టాల్సిన డబ్బు కోసం అప్పు తెచ్చినవాడు, నెల తిరిగాక మనుషులు చేరకపోతే ‘నాలో నమ్మకం తక్కువైంది’ అనుకుంటాడు. హిల్ తరహా బోధనలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. సరుకులో లోపం ఉన్నా, లెక్కలో మోసం ఉన్నా తప్పు కొన్నవాడి మనసు మీదికే పోతుంది. కార్నెగీ క్లాసులో అలా జరగదు. మాట్లాడడం వచ్చిందో లేదో పది వారాల్లో అందరికీ కనిపిస్తుంది.

అవసరం మాత్రం చాలా ఉంది. తెలంగాణలో గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు 2022లో తీసేశారు కాబట్టి సర్కారు కొలువుకు మాటకారితనం అంతగా అక్కరలేకపోవచ్చు. ప్రైవేటు ఉద్యోగంలో హెచ్‌ఆర్ రౌండు దాటాలి. క్యాంపస్ డ్రైవ్‌లో మన పిల్లాడు గడగడా చదివేది అందరికీ తెలిసిందే: ‘మైసెల్ఫ్ మహేష్, ఐ యామ్ ఫ్రమ్ మిర్యాలగూడ, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్.’ (ఆ హౌస్‌వైఫ్ పొద్దున ఏడింటికే నాటుకు పోయి ఉంటుంది.) ఇది దాటి ఒక్క ప్రశ్న అడిగితే నాలుక కదలదు. అదే పిల్లాణ్ణి తెలుగులో, మీ పొలంలో ఎన్ని బోర్లు వేశారు, ఎన్ని ఫెయిలయ్యాయి అని అడగండి. ఎన్నడుగులకు రాయి తగిలింది, ఏ బండివాడు ఎంత తీసుకున్నాడు, నాన్న ఆ రాత్రి అన్నం తిన్నాడా లేదా, అన్నీ చెప్తాడు. 1912లో కార్నెగీకి అనుకోకుండా దొరికింది ఇదే. మన క్లాసుల్లో పిల్లాడికి తెలిసిన సంగతిని పక్కకు నెట్టి, తెలియని భాషలో తెలియని సంగతి మొదలుపెట్టిస్తారు.

ఈ భయం ఒక్కొక్కరి మనసులో పుట్టింది అనుకోవడం కూడా పొరపాటే. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్లో సంఘ సంస్కర్త మహర్షి కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆయన వకీలు, మాట రానివాడేం కాదు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది, అదే నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ సంఘమైన ఆంధ్ర మహాసభ దాకా నడిచింది. 1930లో జోగిపేటలో మొదటి మహాసభకు అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డి గద్వాల ప్రాంతం మనిషే. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైనప్పుడు సభ్యత్వ చందాను రూపాయి నుంచి నాలుగణాలకు దించారు. ‘నీ బాంచెన్ దొరా’ తప్ప దొర ముందు ఇంకో మాట ఎత్తే వీలు లేని కాలంలో, ఊళ్ళలో నోరు లేచింది సంఘం ఉందన్న ధైర్యంతో. కార్నెగీ లెక్కలో ధైర్యం మనిషి లోపల పెరుగుతుంది. నల్గొండ చరిత్రలో అది పక్కన నిలబడ్డవాళ్ళ నుంచి వచ్చింది.

ఇప్పుడు మన ఊళ్ళలో కార్నెగీ క్లాసుకు దగ్గరగా ఉన్నదేదంటే పొదుపు సంఘం పేరు చెప్తాను. 2000లో ‘వెలుగు’ అనే ప్రభుత్వ పేదరిక నిర్మూలన పథకం మొదలైన ఆరు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పది పన్నెండు మంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుంటారు. ఎవరి పేరు వాళ్ళు చెప్పుకోవాలి. ఊళ్ళో ఫలానా ఆయన భార్యగానో ఫలానా పిల్ల తల్లిగానో బతికిన మనిషికి అందరి ముందు సొంత పేరు పలకడమే మొదటి పరీక్ష. అప్పు కావాలంటే ఎందుకో నోటితో చెప్పాలి. పోయిన నెల కిస్తీ ఎందుకు కట్టలేదని పక్కామె అడుగుతుంది, దానికీ జవాబు చెప్పాలి. ఏళ్ళు గడిచేసరికి ఆమే బ్యాంకు మేనేజరు ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. అన్ని సంఘాలూ ఇలా లేవు. లోను వచ్చినప్పుడే గుర్తొచ్చే సంఘాలు, లీడరు తప్ప ఇంకెవరూ మాట్లాడని సంఘాలు, పుస్తకాల్లో మాత్రమే జరిగే మీటింగులు బోలెడు. నడిచిన చోట మాత్రం, సొంత సంగతి చెప్పడం, వారం వారం చెప్పడం, అందరూ ఒకే బాపతు కావడం మూడూ కుదిరాయి.

కార్నెగీ ఎక్కడ పనికిరాడో కూడా చెప్పుకోవాలి. ఆయన సూత్రాలు అమ్మేవాడూ కొనేవాడూ, అధికారీ కింది ఉద్యోగీ లాంటి జంటలకు సరిపోతాయి. ఇద్దరికీ కాదని లేచిపోయే వీలు అంతో ఇంతో ఉండాలి. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బిడ్డల్ని ముసలమ్మ దగ్గర వదిలి వలసపోయిన పాలమూరు కూలీకి ఆ వీలు లేదు. మేస్త్రీ పేరు అతనికి గుర్తుంది, నవ్వుతూనే పలకరిస్తాడు, వాదన పెట్టుకోడు. కూలి పెరగదు. అతనికి కావలసింది నీళ్ళు, ఊళ్ళో పని, చట్టం. ఇవి లేనిచోట ‘నీ ఆలోచన మార్చుకో’ అని చెప్పడం క్రూరంగా ఉంటుంది.

కాలేజీ పిల్లలకు మాత్రం 1912 నాటి క్లాసు ఇప్పటికీ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు. సెక్షన్‌లో అరవై మంది అనుకుంటే, మనిషికి రెండు నిమిషాల చొప్పున రెండు గంటలు. వారానికి రెండు పీరియడ్లు దానికి వదిలేస్తే సరిపోతుంది. మొదట తెలుగులోనే. ఊళ్ళో ఆగని బస్సు, హాస్టల్లో నీళ్ళ చారు, స్కాలర్‌షిప్ రాలేదని తిరిగిన ఆఫీసు, ఏదైనా సరే. మొదటి వారం ఇరవై మంది ‘రాదు సార్’ అని కూర్చుండిపోతారు, వాళ్ళను మళ్ళీ లేపే ఓపిక ఉన్న లెక్చరర్ ఒకరుండాలి. ఇలాంటి లెక్చరర్లు ఉన్నారు, చేస్తున్నారు కూడా. కాకపోతే స్పీకర్‌ను పిలిస్తే జియోట్యాగ్ ఫొటో వస్తుంది, ఫ్లెక్సీ వస్తుంది, పిల్లల సంతకాల షీటు వస్తుంది, అన్నీ కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ కోసం ఫైల్లో పెట్టుకోవచ్చు. అరవై మంది ఒకరి తర్వాత ఒకరు తడబడుతూ మాట్లాడిన రెండు పీరియడ్లను ఏ కాలమ్‌లో ఎక్కించాలో ప్రిన్సిపాల్‌కూ తెలియదు.